పాట ఎవరిది? బ్రిటిష్ రాక్ బృందాల్లో తెగని పంచాయితీ

2009 జులై 30. బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానం హోదాలో హౌస్ ఆఫ్ లార్డ్స్ (పార్లమెంటు ఎగువ సభ) తీర్పులు చెప్పిన ఆఖరి రోజు అది. ఆ అక్టోబరు నుంచి ఆ పని కొత్తగా ఏర్పడిన సుప్రీంకోర్టుకు వెళ్లిపోయింది. అంతటి పాత సంప్రదాయానికి తెరపడిన రోజున లార్డులు తేల్చిన వ్యాజ్యాల్లో ఒకటి, ఓ పాట మొదట్లో వినిపించే ఆర్గాన్ బిట్ ఎవరిదన్నది. నలభై రెండేళ్ల నాటి పాట. అప్పటికి బాణీ కట్టినవాడు బతికే ఉన్నాడు, మాటలు రాసినవాడు బతికే ఉన్నాడు, ఆర్గాన్ వాయించినవాడూ బతికే ఉన్నాడు. రికార్డు ఊరూవాడా మోగుతూనే ఉంది. అయినా సంగతి తేలడానికి మూడు కోర్టుల మెట్లెక్కాల్సి వచ్చింది.

పాట పేరు ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’. ప్రోకోల్ హారమ్ అనే బృందం 1967 మే నెలలో విడుదల చేసింది. రికార్డు మీద రచయితలుగా రెండు పేర్లున్నాయి: బాణీ గ్యారీ బ్రూకర్, సాహిత్యం కీత్ రీడ్. ఆర్గాన్ వాయించిన మాథ్యూ ఫిషర్ పేరు ఆ వరుసలో లేదు. ఇప్పుడు ఆ పాట తెలిసినవాళ్లెవరినైనా పట్టుకుని ఒక్కసారి అందుకోమనండి. మాటల జోలికి పోరు. ముందు ఆ ఆర్గాన్‌నే కూనిరాగం తీస్తారు. మాటలకైతే అర్థం ఏమిటో ఇప్పటికీ ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. జనం గుండెల్లో నిలిచిన ముక్క ఒకటి, కాగితం మీద పాటగా నమోదైన ముక్క ఇంకొకటి. బ్రిటిష్ రాక్ పాటల చుట్టూ ఇన్నేళ్లుగా సాగుతున్న వాదులాట చాలావరకు ఈ రెండింటి మధ్య ఉన్న సందులోంచే పుడుతోందని నా అభిప్రాయం. ఆ పాటలు పాతబడకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది.

ముందు డబ్బు లెక్క చెప్పుకోవాలి, లేకపోతే ఈ తగాదాలన్నీ అహంకారాల గొడవల్లా కనిపిస్తాయి. ఒక రికార్డులో రెండు ఆస్తులుంటాయి. మొదటిది రచన, అంటే బాణీ, మాటలు. రెండోది రికార్డింగు, అంటే ఫలానా రోజు ఫలానా స్టూడియోలో పట్టిన శబ్దం. రచనకు హక్కుదారు ఒకరు, రికార్డింగుకు హక్కుదారు వేరొకరు. ప్రపంచంలో ఎవరు ఏ మూల ఆ పాటను మళ్లీ పాడినా రచయితకు వాటా వెళుతుంది. మొదటి రికార్డులో డ్రమ్ములు వాయించినవాడికి వెళ్లదు. అమెరికాలోనైతే మామూలు రేడియోలో పాట మోగినా రచయితకు, ప్రచురణకర్తకు తప్ప పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు పైసా రాదు. బ్రిటన్‌లో రచన మీద హక్కు రచయితల్లో ఆఖరివాడు పోయాక కూడా 70 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి ఆ చిన్న అక్షరాల్లో పేరు ఉండటం, లేకపోవడం అంటే మనవళ్ల దాకా ఆస్తి ఉండటం, లేకపోవడం. ఒకే వ్యానులో తిరిగి, ఒకే గదిలో పడుకుని, ఒకే పాట చేసిన అయిదుగురిలో ఇద్దరు భవంతులు కొనుక్కుని ముగ్గురు అద్దె ఇళ్లలో ఉండిపోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

ఇది మనకు బొత్తిగా కొత్త సంగతేం కాదు. 2017లో ఇళయరాజా తరఫు నుంచి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు వెళ్లినప్పుడు, బాలు నోట విన్న పాట బాలుది కాదా అని మనవాళ్లు విస్తుపోయారు. కాకపోతే మన సినిమా పాటలో పనుల పంపకం ముందే జరిగిపోయి ఉంటుంది. ట్యూను ఒకరిది, సాహిత్యం ఒకరిది, గొంతు ఒకరిది. టైటిల్స్‌లో ఎవరి పేరు వారిది. అంతకు ముందు కాలానికి వెళితే అదీ లేదు. మాటా పాటా రెండూ తనవే అయినవాడు వాగ్గేయకారుడు. ఆఖరి చరణంలో ‘త్యాగరాజ’ అనో ‘మువ్వగోపాల’ అనో ముద్ర వేసి వదిలేవాడు. కీర్తన ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కీర్తనలోనే ఉంటుంది. రాక్ బృందం ఈ రెండు పద్ధతులకూ చెందదు. నలుగురు కలిసి చేసే వాగ్గేయం అది. చట్టం మాత్రం ‘మీలో త్యాగరాజు ఎవరు?’ అని అడుగుతూ కూర్చుంటుంది.

1960ల దాకా బ్రిటన్‌లోనూ మన సినిమా పద్ధతే. లండన్‌లో డెన్మార్క్ స్ట్రీట్ అని ఓ చిన్న వీధి ఉంది. పాటల ప్రచురణకర్తల ఆఫీసులన్నీ అక్కడే ఉండేవి. వృత్తి రచయితలు పాట రాసి అమ్మేవారు, గాయకుడు వచ్చి పాడి పోయేవాడు. బీటిల్స్ 1963లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో 14 పాటలుంటే అందులో 8 వాళ్ల సొంతం. ఇవాళ వింటే ఇదేమంత విశేషం అనిపిస్తుంది గానీ, సంగీతం కాగితం మీద రాయడం, చదవడం రాని లివర్‌పూల్ కుర్రాళ్లు సొంత సరుకుతో రావడం అప్పట్లో పెద్ద ధిక్కారం. వాళ్ల వెనకే మిగతా బృందాలూ ఆ దారి పట్టాయి. రోలింగ్ స్టోన్స్ మేనేజరు ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హమ్ మిక్ జాగర్‌నూ కీత్ రిచర్డ్స్‌నూ వంటింట్లో పెట్టి తాళం వేసి, పాట రాస్తే గానీ బయటికి రానివ్వనన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. తాళం సంగతి ఎంతవరకు నిజమో గానీ, ఒత్తిడి మాత్రం నిజమే. సొంత పాట లేని బృందానికి ఆదాయం ఎక్కడ ఆగిపోతుందో ఓల్డ్‌హమ్‌కు బాగా తెలుసు.

ఈ కొత్తవాళ్లు రాసిన పాటల్లో పనితనం ఎంతో ఒకటి దగ్గరగా చూద్దాం. బీటిల్స్ పాట ‘షీ లవ్స్ యూ’. 1963 జూన్‌లో న్యూకాజిల్‌లో కచేరీకి వెళ్లినప్పుడు ఆ బృందంలోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ హోటలు గదిలో కూర్చుని మొదలుపెట్టి, లివర్‌పూల్‌లో మెకార్ట్నీ ఇంట్లో ముగించారు. అప్పటిదాకా వాళ్ల పాటలు ఎక్కువగా ‘నేను, నువ్వు’ మధ్య నడిచినవే. ఈ పాటలో పాడేవాడు ప్రియుడు కాదు. ‘నిన్న ఆ అమ్మాయిని చూశాను, నువ్వంటే ఆమెకు ఇంకా ఇష్టమే, వెళ్లి క్షమాపణ అడుగు’ అని స్నేహితుడికి చెబుతున్న మధ్యవర్తి. క్షేత్రయ్య పదాల్లో సఖి చేసే పని ఇదే కదా! రెండు నిమిషాల కుర్రకారు పాటలోకి దూత్యం వచ్చి కూర్చుంది. పైగా పల్లవి ఆఖరున వచ్చే ‘యే, యే, యే’. ఈ అమెరికా యాస ఎందుకు, శుభ్రంగా ‘యెస్’ అనొచ్చు కదా అని మెకార్ట్నీ తండ్రి అడిగాడట. విననందుకు సంతోషం. పాట ముగిసేటప్పుడు ముగ్గురి గొంతులు కలిసి నిలిపిన శ్రుతి మేళనం పాతకాలపు డ్యాన్సు బ్యాండ్ల ముగింపులా ఉందని నిర్మాత జార్జ్ మార్టిన్ అభ్యంతరం చెప్పాడు. అదీ వినలేదు.

ఆ ఇద్దరి మధ్య కుర్రతనంలోనే ఒక ఒప్పందం ఉంది. ఎవరు రాసినా ఇద్దరి పేర్లూ వేయాలి. రాతపూర్వకంగా లేని ఈ మాటంత ఉదారమైనది, ఇంత చిక్కులు తెచ్చిపెట్టినది రాక్ చరిత్రలో మరొకటి లేదు. 1965లో వచ్చిన ‘ఎస్టర్‌డే’ బాణీ మెకార్ట్నీకి నిద్రలో తట్టింది. రికార్డింగులో అతని గొంతు, గిటారు, నాలుగు తీగవాద్యాలు తప్ప బీటిల్స్‌లో మరొకరి చెయ్యి లేదు. అయినా రచన లెనన్–మెకార్ట్నీ. 1969లో లెనన్ ఒక హోటలు గదిలో మంచం మీంచి పాడిన ‘గివ్ పీస్ ఎ ఛాన్స్’లో మెకార్ట్నీ ప్రమేయమే లేదు. అదీ అప్పట్లో లెనన్–మెకార్ట్నీ పేరుతోనే వచ్చింది. ఇద్దరికీ చెల్లుకు చెల్లు అనుకోవచ్చు గానీ, మనసు అలా అనుకోదు. 2002లో తెచ్చిన కచేరీ ఆల్బమ్‌లో మెకార్ట్నీ 19 బీటిల్స్ పాటలకు తన పేరు ముందు, లెనన్ పేరు తరువాత వేసుకున్నాడు. వాటా మారలేదు, వరుస మాత్రమే మారింది. అయినా లెనన్ భార్య యోకో ఓనో అభ్యంతరం చెప్పింది, పత్రికలు కొన్నాళ్లు పండుగ చేసుకున్నాయి. తర్వాత అతనే పాత వరుసకు సరే అన్నాడు.

వీళ్ల పాటల్లో అసలు చిక్కుముడి ‘ఇన్ మై లైఫ్’. 1965 డిసెంబరులో వచ్చింది. మాటలు లెనన్‌వే, అందులో గొడవ లేదు. బాణీ దగ్గరే ఇద్దరి జ్ఞాపకాలూ విడిపోయాయి. మధ్యలో కొంత సాయం తప్ప మిగతాదంతా నాదేనన్నాడు లెనన్. కాగితం తీసుకుని నేనే కూర్చుని బాణీ మొత్తం కట్టానన్నాడు మెకార్ట్నీ. ఇద్దరూ అబద్ధాలాడేవాళ్లు కారు. ఒకరు 1980లో హత్యకు గురయ్యారు, రెండోవారు ఇప్పటికీ తన మాట మీదే ఉన్నారు.

దీన్ని గణాంక శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. హార్వర్డ్‌కు చెందిన మార్క్ గ్లిక్‌మన్, డల్హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన జేసన్ బ్రౌన్ బృందం, ఎవరు రాశారో నిస్సందేహంగా తెలిసిన 1962–66 నాటి పాటలు తీసుకుని, ఏ స్వరం తర్వాత ఏ స్వరానికి వెళతారు, ఏ శ్రుతి మేళనం పక్కన ఏది వేస్తారు వంటి 149 అలవాట్లను లెక్కగట్టింది. వేలిముద్రల పరీక్ష లాంటిదన్నమాట. ‘ఇన్ మై లైఫ్’ సంగీతం మెకార్ట్నీది అయ్యే సంభావ్యత రెండు శాతం లోపేనని 2018లో తేల్చారు. లెనన్ అభిమానులు విజయోత్సవం చేసుకున్నారు. అదే లెక్క ‘ద వర్డ్’ అనే పాట దగ్గర తిరగబడింది. అందరూ లెనన్‌దని అనుకునే ఆ పాట మెకార్ట్నీ వైపు తూగింది.

ఈ లెక్క చేసినవాళ్ల నేర్పును తక్కువ చేయను గానీ, నాకొక అనుమానం. అలవాటును కొలిచే యంత్రం ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి అలవాటు ఒకరు నేర్చుకుంటున్న కాలాన్ని ఎలా విడదీస్తుంది? ఒకే వీధిలో పెరిగిన ఇద్దరి చేతిరాతలు కలిసిపోయినట్టు వాళ్ల బాణీలూ కలిసిపోయాయి. లెనన్ మాటలు ముందు పెట్టుకుని మెకార్ట్నీ బాణీ కడితే అది లెనన్ లాగే నడిచి ఉండొచ్చు. ఇంకో సంగతి. ఆ పాట మధ్యలో ఒక పియానో బిట్ వస్తుంది, బరోక్ కాలపు (17, 18 శతాబ్దాల ఐరోపా) సంగీతంలా గబగబా మెట్లు దిగుతూ. అది వాయించింది జార్జ్ మార్టిన్. అసలు వేగంలో వాయించడం కుదరక, టేపును సగం వేగంలో నడిపి నిదానంగా వాయించి, తర్వాత మామూలు వేగంలో వినిపించాడు. అందుకే ఆ పియానోకు హార్ప్‌సికార్డ్ అనే పాతకాలపు మీటల వాద్యం లాంటి పదునైన గొంతు వచ్చింది. లెననా, మెకార్ట్నీయా అని అరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నవాళ్లెవరూ మార్టిన్ పేరు ఆ వరుసలో ఎందుకు లేదని అడగరు. అడగాల్సిన ప్రశ్న అదేనని నాకనిపిస్తుంది.

పాట పుట్టడం కళ్లతో చూడాలంటే సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో కూర్చిన పాత దృశ్యాలున్నాయి. 1969 జనవరి, ట్వికెన్‌హమ్ స్టూడియో, చలి ఉదయం. లెనన్ ఇంకా రాలేదు. మెకార్ట్నీ బాస్ గిటారును మామూలు గిటారులా బరుకుతూ అర్థం లేని అక్షరాలు గొణుగుతుంటాడు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హ్యారిసన్ ఆవలిస్తాడు. డ్రమ్మర్ రింగో ఊరికే చూస్తుంటాడు. అదే గొణుగుడు మళ్లీ, మళ్లీ, కొంచెం మార్చి మళ్లీ. రెండు నిమిషాలు గడిచేసరికి ఆ మట్టిముద్దలోంచి ‘గెట్ బ్యాక్’ ముక్కూ మొహం కనిపించడం మొదలవుతుంది. హ్యారిసన్ గిటారు అందుకుంటాడు, రింగో చప్పట్లతో తాళం వేస్తాడు. ఇక్కడ రచయిత ఎవరు? మెకార్ట్నీ అని నేను వెంటనే చెబుతాను. కానీ ఆ చప్పట్లు, ఆ గిటారు అందుకోవడం లేకపోతే ఆ గొణుగుడు పాటగా ముదిరేదా అంటే చెప్పలేను. రికార్డు మీద మాత్రం ఆ గదిలో లేని మనిషి పేరు ముందుంది.

ఇప్పుడు ఫిషర్ దగ్గరికి మళ్లీ వద్దాం. అతను 2005లో కోర్టుకెళ్లాడు. బ్రూకర్ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు: ఫిషర్ బృందంలోకి రాకముందే పాట తయారై ఉంది, నేను పియానో మీద బాహ్ సంగీతాన్ని తలచుకుంటూ శ్రుతి మేళనాల వరుస కట్టాను, అతను దాని మీద వాయించాడు, అంతే. దానిమీద ఫిషర్ అల్లిన స్వరమూ బాహ్ ఛాయలోదే. అంటే ఇద్దరూ జర్మనీలోని ఓ పాత ఆర్గానిస్టు దగ్గర అప్పు తెచ్చి, తర్వాత అప్పులో ఎవరి వాటా ఎంతని కొట్టుకున్నారు! 2006 డిసెంబరులో హైకోర్టు ఆ ఆర్గాన్ భాగం విడిగా గుర్తుపట్టదగ్గ సొంత రచనేనని, సంగీతం హక్కులో 40 శాతం ఫిషర్‌దని తేల్చింది. 2008లో అప్పీలు కోర్టు, సహరచయితవే గానీ 38 ఏళ్లు మాట్లాడకుండా కూర్చున్నావు కాబట్టి డబ్బు రాదు పొమ్మంది. 2009లో లార్డులు అయిదుగురూ ఏకగ్రీవంగా ఆ ముక్కను కొట్టేసి, కేసు వేసిన నాటి నుంచి అతని వాటా అతనికివ్వాలన్నారు. అరవైల దశకం గుర్తున్న మనిషిగా ఈ గుర్తింపు తనకు సంతోషమిచ్చిందన్న అర్థంలో బ్యారనెస్ హేల్ తీర్పులో ఓ మాట కలిపారు. న్యాయమూర్తి కూడా శ్రోతే మరి.

కానీ ప్రతి వాయిద్యగాడికీ ఇదే న్యాయం దక్కదు. 1999లో స్పాండౌ బ్యాలే బృందంలో ముగ్గురు, తమ ప్రధాన రచయిత గ్యారీ కెంప్ మీద ఇలాంటి దావాయే వేసి ఓడిపోయారు. కెంప్ ఇంట్లో పాట పూర్తి చేసి తెచ్చాడు, మీరు దాన్ని బాగా వాయించారు, బాగా వాయించడం రచన కాదు అంది కోర్టు. గీత ఎక్కడుందో చూడండి. ఉన్న పాటను అందంగా పలికిస్తే వాదకుడు. పాటలో లేని కొత్త స్వర వాక్యాన్ని పుట్టిస్తే రచయిత. మన కచేరీల్లో కీర్తనకు, గాయకుడు వేసే కల్పన స్వరాలకు మధ్య ఉన్న తేడా లాంటిదే. అయితే ఒక విద్వాంసుడు వేసిన సంగతి బాగుందని శిష్యులంతా పాడుతూ, కొన్నాళ్లకు అది కీర్తనలోనే కలిసిపోవడమూ మనకు తెలుసు. అప్పుడు అది ఎవరిది?

స్వర వాక్యమైతే కనీసం కాగితం మీద రాయొచ్చు. రాయలేనివాటి సంగతేమిటి? 1964లో కింక్స్ బృందం పాట ‘యూ రియల్లీ గాట్ మీ’. రాసింది రే డేవిస్, సందేహం లేదు. అయితే ఆ పాటకు ఆ బొంగురు గరుకుదనం ఎలా వచ్చింది? అతని తమ్ముడు డేవ్, చిన్న యాంప్లిఫయరు స్పీకరులోని అట్టను రేజరు బ్లేడుతో కోశాడు. చిరిగిన అట్ట బరబరలాడుతూ పలికింది. తర్వాతి యాభై ఏళ్ల హార్డ్ రాక్ గిటారు శబ్దానికి పూర్వీకుల్లో ఆ బ్లేడు గాటు ఒకటి. బ్లేడు గాటుకు నొటేషన్ లేదు, రాయల్టీ కూడా లేదు.

గొంతుకు ఒక్కసారి దక్కింది. 1973 జనవరిలో ఒక ఆదివారం, క్లేర్ టోరీ అనే స్టూడియో గాయని అబ్బే రోడ్ స్టూడియోకు వెళ్లింది. పింక్ ఫ్లాయిడ్ వాళ్లు రిచర్డ్ రైట్ కట్టిన పియానో వరుస వినిపించి, మాటలొద్దు, ఏదైనా పాడమన్నారు. తన గొంతును వాయిద్యమనుకుని ఆమె ఏడుపు, కేక, మూలుగు, లాలన అన్నీ కలిపి పాడింది. ముట్టింది 30 పౌండ్లు. అది వాడుకుంటారని కూడా ఆమె అనుకోలేదు. ఆ పాట ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’, ఆ ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. 1973, 1988 సంవత్సరాల మధ్య అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలుంది. 2004లో ఆమె దావా వేసింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది, ఆ తర్వాతి ముద్రణల్లో రైట్ పేరు పక్కన ఆమె పేరు చేరింది. ఒక అనుకోని ఆదివారపు ఆలాపన రచన అయింది. మనోధర్మ సంగీతం వింటూ పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఆశ్చర్యం ముప్పై ఏళ్లు పట్టినందుకే.

అదే ఆల్బమ్‌లో ‘మనీ’ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. నాణేల గలగల, క్యాష్ రిజిస్టర్ చప్పుడు, కాగితం చింపిన శబ్దం టేపు ముక్కలుగా కోసి అతికించి చేసిన మొదలు. ఆ వెంటనే బాస్ గిటారు ఏడు లెక్కలో నడుస్తుంది. రాక్ శ్రోతకు ఏడు ఒక కాలు కుంటినట్టుంటుంది. మిశ్రచాపు తెలిసిన చెవికి అది ఇంటి గడపే. తకిట తకధిమి వేసి చూడండి, గిటారు సోలో వచ్చేదాకా తప్పకుండా నడుస్తుంది. సోలో దగ్గర వాళ్లు నాలుగులోకి మారిపోతారు, చేయి తడబడుతుంది. ఆ మార్పు రచనా, వాయింపా, ఏర్పాటా? చట్టం ఏమన్నా, నాకది రచనే.

డబ్బు గొడవను కుదుర్చుకున్న తీరులూ రకరకాలు. డీప్ పర్పుల్ ‘స్మోక్ ఆన్ ద వాటర్’కు అయిదుగురి పేర్లూ వేసింది. గిటారు పట్టిన ప్రతి పిల్లాడూ మొదటి వారంలోనే వాయించి ఇరుగుపొరుగును విసిగించే ఆ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర వరుస) రిచీ బ్లాక్‌మోర్‌దని అందరికీ తెలుసు. క్వీన్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1975లో ‘బొహీమియన్ రాప్సొడీ’ రికార్డుకు వెనక వైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన కారు పాట వేశారు. రికార్డు కొన్నవాళ్లు ముందు వైపు కోసమే కొన్నా, రాయల్టీ రెండు వైపులకూ సమానమే. ఫ్రెడీ మెర్క్యురీ మహాకావ్యానికి ఎంత వచ్చిందో టేలర్ కారుకూ అంతే వచ్చింది. బృందంలో ఏళ్ల తరబడి ఇది నలిగి, చివరికి 1989 ఆల్బమ్ నుంచి అన్ని పాటలూ నలుగురివీ అని రాసుకున్నారు. ఇంట్లో శాంతి వచ్చింది. కాకపోతే ఎవరు ఏం రాశారో తెలుసుకోవాలనుకునే నాలాంటివాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. రోలింగ్ స్టోన్స్‌లో శాంతి అలా రాలేదు. ‘జంపిన్ జాక్ ఫ్లాష్’ రిఫ్ తానే పియానో మీద పట్టానని బాస్ వాదకుడు బిల్ వైమన్ పుస్తకంలో రాసుకున్నాడు. రికార్డు మీద జాగర్–రిచర్డ్స్ అనే ఉంది, ఉంటుంది.

ఇదంతా ఇంటి గొడవ. వీధి గొడవ ఇంకా పెద్దది. ఈ బృందాలన్నీ అమెరికా నల్లజాతి సంగీతం రికార్డులు వింటూ పెరిగినవే. లెడ్ జెపెలిన్ 1969లో తెచ్చిన ‘హోల్ లాటా లవ్’ మాటల్లో చాలాభాగం విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ 1962లో పాడిన పాటలోవి. డిక్సన్ 1985లో దావా వేశాకే రాజీ కుదిరింది, పేరు చేరింది. ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు. బ్లూస్ అనే ఆ నల్లజాతి సంగీతంలో పదాలు చేతులు మారుతూనే ఉంటాయన్న వాదన జానపదంలో చెల్లుతుంది; లక్షల రికార్డులు అమ్మి కింద సొంత పేరు వేసుకున్నాక చెల్లదు.

‘స్టెయిర్‌వే టు హెవెన్’ మాత్రం వేరు. అమెరికా బృందం స్పిరిట్ 1968లో చేసిన ‘టారస్’ అనే వాద్య ఖండంలోంచి దాని మొదలు ఎత్తారని 2014లో కేసు పడింది. వరుసగా వింటే పోలిక నిజమే. కానీ పోలిక దేనిలో? షడ్జం నుంచి కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, ఇలా అరమెట్టు అరమెట్టుగా దిగే మంద్ర స్వరాల వరుసలో. మన రాగాల్లో ఇలాంటి నడక సాధారణంగా కుదరదు కాబట్టి మనకు కొత్తగా ఉంటుంది. ఐరోపా సంగీతంలో అది ఊరుమ్మడి బావి. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ తన ఒపేరాలోని విలాప గీతాన్ని అలాంటి మెట్ల మీదే నడిపాడు. 2016లో జ్యూరీ జెపెలిన్ పక్షాన నిలిచింది, 2018లో అప్పీలు కోర్టు తిరగతోడింది, 2020లో అదే కోర్టు విస్తృత ధర్మాసనం మళ్లీ జెపెలిన్ వైపే తేల్చింది. ఈ కేసులో చిత్రమేమిటంటే, జ్యూరీకి స్పిరిట్ వారి అసలు రికార్డును పోల్చి చూసే అవకాశం ఇవ్వలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం రక్షణ ఉన్నది కాపీరైటు కార్యాలయంలో దాఖలు చేసిన నొటేషన్ కాగితానికే. జనం విన్నది శబ్దం, కోర్టు విన్నది కాగితం. తీర్పు సరైనదేనని నా నమ్మకం, దానికి చేరిన దారే విచిత్రం.

ఈ పాటలు ఇంకా ఎందుకు మోగుతున్నాయంటే, చిన్నప్పటి జ్ఞాపకాలనీ, పెద్ద కంపెనీల ప్రచారమనీ అంటారు. రెండూ కొంత నిజమే. కానీ తల్లిదండ్రుల జ్ఞాపకాల కోసం పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకోరు. ఈ పాటల్లో బాణీని, మాటను, చప్పుడును విడదీయలేం. ఆర్గాన్ లేని ‘వైటర్ షేడ్’ను, బ్లేడు గాటు లేని కింక్స్‌ను, టోరీ కేక లేని ఫ్లాయిడ్‌ను కాగితం మీద పెట్టి చూస్తే సగం ప్రాణం పోతుంది. మంచి గొంతు ఎవరు పాడినా కీర్తన నిలబడుతుంది. ఈ పాట మాత్రం ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లందరితో కలిపే నిలబడుతుంది. అందుకే అసలు రికార్డు దగ్గరికే మళ్లీ వెళతాం. వెళ్లిన ప్రతిసారీ, ఇది చేసిందెవరని అడుగుతాం. మార్కెట్టుకూ ఈ తేడా తెలుసు. 2024లో పింక్ ఫ్లాయిడ్ రికార్డింగుల హక్కులను సోనీ సుమారు 40 కోట్ల డాలర్లకు కొన్నట్టు వార్తలు వచ్చాయి. ఆ బేరంలో రచన హక్కులు లేవు. శబ్దం అమ్ముడైంది, పాట ఇంట్లోనే ఉండిపోయింది.

ఆఖరిగా ఒక గొలుసు. 1997లో ద వెర్వ్ బృందం ‘బిట్టర్ స్వీట్ సింఫనీ’ తెచ్చింది. దానికి ప్రాణం మొదటి నుంచి చివరిదాకా తిరిగే వయొలిన్ల వరుస. అది 1960లలో ఆండ్రూ ఓల్డ్‌హమ్, వంటింటి తాళం ఓల్డ్‌హమే, తన ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిన ‘ద లాస్ట్ టైమ్’లోంచి తీసుకున్న ముక్క. ‘ద లాస్ట్ టైమ్’ జాగర్–రిచర్డ్స్‌ది. కాబట్టి గొడవ ముదిరి, వెర్వ్ పాట రచన హక్కంతా వాళ్ల వైపు వెళ్లిపోయింది; మాటలు రాసి పాడిన రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌కు తన పాట మీద రాబడి లేకుండా పోయింది. అయితే ‘ద లాస్ట్ టైమ్’ పల్లవికి మూలం అమెరికా చర్చి గాయకులు స్టేపుల్ సింగర్స్ పాడిన భక్తి గీతమని రిచర్డ్స్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఇక ఆ వయొలిన్ల వరుస జాగర్–రిచర్డ్స్ అసలు పాటలో ఎక్కడా వినిపించదు. దాన్ని ఓల్డ్‌హమ్ ఆర్కెస్ట్రా కోసం రాసినవాడు డేవిడ్ విటాకర్ అనే సంగీత నిర్వాహకుడు. 2019 మేలో జాగర్, రిచర్డ్స్ పెద్దమనసుతో తమ వాటాను ఆష్‌క్రాఫ్ట్‌కు వదిలేశారు. పత్రికలన్నీ ఇరవై రెండేళ్ల అన్యాయం తొలగిందని రాశాయి. విటాకర్ అప్పటికి ఏడేళ్ల కిందటే, 2012లో చనిపోయాడు. కొత్త లేబుల్ మీదా అతని పేరు లేదు.